దుబాయ్ వాతావరణం: పన్నెండు నెలలకు మార్కులు

దుబాయ్ ప్యాకేజీలో హోటల్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, టూర్ నచ్చకపోతే మానుకోవచ్చు. టికెట్ తీసుకున్నాక మారనిది నెల ఒక్కటే. అయినా మనవాళ్లు బేరమాడేది గది అద్దె మీద, ఆరా తీసేది బ్రేక్‌ఫాస్ట్ ఉందా లేదా అని. వాతావరణం ఎలా ఉంటుందంటే ఏజెంట్లు చెప్పేది ఒకటే మాట: "ఏడాది పొడవునా ఎండే సార్, వాన గొడవ ఉండదు." అబద్ధమేమీ కాదు. ఆ ఊళ్లో ఏడాదికి సగటున పడే వాన 95 మిల్లీమీటర్లు. మన దగ్గర కరువుకు పేరుపడ్డ అనంతపురంలోనే అంతకు ఐదారు రెట్లు పడుతుంది. కానీ ఏజెంటు మాటలో సముద్రం లేదు. దుబాయ్‌లో మనిషికి సుఖమో కష్టమో తేల్చేది ఎడారి కంటే ఎక్కువగా ఆ సముద్రమే. అందుకే ఇక్కడ తూచేది హోటళ్లను కాదు, ఆ ఊరి గాలినీ నీళ్లనీ.

ముందు నీళ్ల సంగతి. పర్షియన్ గల్ఫ్ చాలా లోతు తక్కువ సముద్రం, సగటు లోతు 35 మీటర్లు. లోతు లేని చెరువులాగే తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారుతుంది. ఫిబ్రవరిలో దుబాయ్ తీరంలో నీళ్లు 22 డిగ్రీలు, ఆగస్టులో 33. విశాఖ దగ్గర బంగాళాఖాతం ఏడాదంతా కలిపి నాలుగైదు డిగ్రీలు మారితే గొప్ప. దుబాయ్ తీరంలో పదకొండు డిగ్రీల తేడా. 33 డిగ్రీల నీళ్లలో దిగితే ఒళ్లు చల్లబడదు, గోరువెచ్చని నీళ్ల గంగాళంలో కూర్చున్నట్టు ఉంటుంది. 22 డిగ్రీల నీళ్లలో యూరప్ వాళ్లు హాయిగా ఈదుతారు. మన పిల్లలు పది నిమిషాల్లో పళ్లు కొరుకుతూ బయటికి వస్తారు. మనవాళ్లకు నచ్చే 26 నుంచి 30 డిగ్రీల నీళ్లు ఏడాదిలో రెండు విడతలుగానే దొరుకుతాయి: ఏప్రిల్, మే నెలల్లో ఒకటి, నవంబరు మొదలుకొని డిసెంబరు మొదటి వారం దాకా ఇంకొకటి. నెల ఎంచుకోవడానికి ఈ ఒక్క లెక్క చాలు. మిగతాదంతా వివరణ.

ఉక్కపోత లెక్క

కాగిన ఆ నీళ్లు ఊరి మీదికి ఆవిరిని పంపుతాయి. దుబాయ్ వేసవిని రెంటచింతల వేసవితో పోల్చి "మనం 45 చూసినవాళ్లం, 41 ఒక లెక్కా" అనుకునేవారు బోల్తా కొట్టేది ఇక్కడే. రెంటచింతల ఎండలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరుతుంది, ఆరేటప్పుడు ఒంట్లో వేడి తీసుకుపోతుంది. దుబాయ్ ఆగస్టులో చెమట ఆరదు, కారుతుంది.

ఫోన్‌లో గాలిలో తేమ శాతం చూసి అంచనా వేయకండి, అది మోసం చేస్తుంది. మధ్యాహ్నం 41 డిగ్రీల దగ్గర 49 శాతం అని చూపిన గాలే, అందులో తేమ ఒక్క చుక్క పెరగకుండా రాత్రి 33 డిగ్రీలకు దిగేసరికి 75 శాతం అని చూపిస్తుంది. గాలి మారలేదు, చల్లబడిందంతే. చూడాల్సింది యాప్‌లలో డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) అని కనిపించే అంకె. పైన చెప్పిన గాలికి అది 28, పగలూ అంతే రాత్రీ అంతే. ఆ అంకె 18 లోపు ఉంటే ఎంతసేపైనా నడవొచ్చు. 18 నుంచి 23 దాకా చొక్కా వీపుకు అంటుకుంటుంది, అయినా ఓర్చుకోవచ్చు. 24 దాటితే మే నెల విశాఖ. 27 దాటితే బయట కార్యక్రమం పెట్టుకోకండి, రాత్రయినా సరే. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ అంకె చాలా రోజులు 15 కింద ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా 27 దాటడం మామూలే.

గాలి తిరిగే వేళలూ తెలుసుకోవాలి. తెల్లవారుజామున ఎడారి వైపు నుంచి వస్తుంది. పొద్దెక్కి నేల కాగాక సముద్రం వైపు నుంచి మొదలై సాయంత్రం దాకా వీస్తుంది. నవంబరులో ఈ సముద్రపు గాలి వరం. ఆగస్టులో అదే గాలి ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి, బదులుగా తేమను మోసుకొచ్చి పోస్తుంది. తీరం నుంచి 40, 50 కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఎడారిలో పగలు ఇంకా ఎక్కువ కాస్తుంది కానీ గాలి కాస్త పొడిగా ఉంటుంది, రాత్రి తీరం కంటే ముందే చల్లబడుతుంది.

వేసవి సెలవులు

ఏప్రిల్ చివరి వారంలో బడులు మూశాక బయల్దేరే కుటుంబాలకు మొదటి పది రోజులే మంచి రోజులు. ఏప్రిల్‌లో పగటి సగటు 33, రాత్రి 21, నీళ్లు 26. మేలో పగలు 38, రాత్రి 25, నీళ్లు 29. అంటే మే మొదటి వారం దాకా పొద్దున తొమ్మిది లోపు బీచ్, మధ్యాహ్నం లోపల, సాయంత్రం ఆరున్నర తర్వాత మళ్లీ బయట అనే పద్ధతిలో హాయిగా గడుస్తుంది. సూర్యాస్తమయం ఏడు గంటల ప్రాంతంలో కాబట్టి సాయంత్రం కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది, అంతే. మే మూడో వారం వచ్చేసరికి ఆ తొమ్మిది గంటల గడువు ఎనిమిదికి జారుతుంది. మన రోహిణి కార్తె నడిచే రోజుల్లో అక్కడా రోళ్లు పగిలే ఎండే, పైగా పక్కన సముద్రం కాగుతూ ఉంటుంది.

జూన్ పగటి సగటు 39 నుంచి 40. ఉక్కపోత ఇంకా పూర్తిగా పట్టుకోదు, ఈ నెల అసలు ఇబ్బంది దుమ్ము. వాయవ్యం నుంచి వీచే గాలిని అక్కడ షమాల్ అంటారు. జూన్, జులైల్లో అది రోజుల తరబడి వీచి ఇరాక్ వైపు దుమ్మును గల్ఫ్ మీదికి తెస్తుంది. ఆకాశం నీలంగా ఉండదు, పాలలో బూడిద కలిపినట్టు ఉంటుంది. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ఎక్కి చూద్దామని ఖరీదైన టికెట్ కొన్నవాళ్లు ఈ మసకలో పక్క వీధులు చూసి దిగిపోతారు. 124వ అంతస్తు టికెట్టైనా 148వ అంతస్తు టికెట్టైనా మసకకు తేడా లేదు. అంత డబ్బు పెట్టే పనైతే శీతాకాలంలో వాన పడ్డ మర్నాడో, షమాల్ వీచి ఆగిన మర్నాడో ఎక్కండి. అప్పుడు తీరమంతా గీత గీసినట్టు కనిపిస్తుంది. వేసవిలో తప్పదంటే ముందురోజు దాకా టికెట్ కొనకుండా ఆగడం మేలు.

మార్కులు: ఏప్రిల్ చివరికి పదికి 7, మే మొదటి సగానికి 6, రెండో సగానికి 4, జూన్‌కు 3.

జులై, ఆగస్టు

పగలు 41, రాత్రి 30. ఆ 30 అనేది రాత్రంతా ఉండే వేడి కాదు, తెల్లవారుజామున కాసేపు దిగే కనిష్ఠం. రాత్రి పది గంటలకు 35 ఉండడం సాధారణం. ఈ రెండు నెలల్లో బీచ్ హోటళ్ల అద్దెలు చాలాచోట్ల శీతాకాలపు ధరలో సగానికి దగ్గరగా దిగుతాయి. ఆ తగ్గింపు దేనికో తెలిసి కొంటే మోసం లేదు: కిటికీలోంచి సముద్రం చూడ్డానికి సగం ధర. మాల్, అక్వేరియం, మైనస్ డిగ్రీల మంచులో ఆడుకునే స్కీ దుబాయ్, చల్లబరిచిన పూల్, ఇవే చాలనుకునే కుటుంబానికి నిజంగానే లాభం. గ్లోబల్ విలేజ్, మిరకిల్ గార్డెన్ మాత్రం ఈ నెలల్లో మూసే ఉంటాయి. శరత్తులో తెరిచి వేసవి ముదిరేలోపు మూసేయడం వాటి పద్ధతి. ఆగస్టు ప్యాకేజీలో ఈ రెండు పేర్లు రాసిచ్చిన ఏజెంటు మిగతా కాగితం కూడా సరిగ్గా చూసి ఉండడు.

ఈ నెలల్లో చెడే పనులు ఇవి, కారణాలతో సహా.

కొళాయి. చల్లనీళ్ల వైపు తిప్పితే వేడినీళ్లు వస్తాయి. పాత కట్టడాల్లో, అద్దె ఫ్లాట్లలో నీళ్ల ట్యాంకు డాబా మీద ఎండలో ఉంటుంది, మధ్యాహ్నానికి నీళ్లు ఒళ్లు చుర్రుమనేలా కాగుతాయి. అక్కడుండేవాళ్లందరికీ తెలిసిన ఉపాయం: గీజర్ స్విచ్ కట్టేసి, స్నానానికి వేడినీళ్ల కొళాయి తిప్పడం. గీజర్ లోపల ఏసీ గదుల పక్కన ఉంటుంది కాబట్టి దానిలో నిలిచిన నీళ్లే చల్లగా వస్తాయి. గీజర్ పరిమాణం ఎంతో అంతవరకే ఈ సుఖం. ఇద్దరు స్నానం చేశాక మళ్లీ ట్యాంకు నీళ్లే. చిన్నపిల్లలకు స్నానం చేయించేటప్పుడు ముందు చెయ్యి పెట్టి చూడండి. పెద్ద హోటళ్లలో నీళ్లను చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది కనుక ఈ బెడద అంతగా ఉండదు.

కళ్లద్దాలు, కెమెరా. 21 డిగ్రీల గదిలోంచి బయటికి రాగానే అద్దాలు తెల్లబడతాయి. మన దగ్గర చలికాలంలో కారు అద్దం లోపలి వైపు చెమర్చినట్టు, అక్కడ ఆగస్టులో హోటల్ కిటికీ బయటి వైపు చెమరుస్తుంది. కెమెరాను బ్యాగులోంచి తీయకుండా బ్యాగుతో పాటే ఇరవై నిమిషాలు బయట ఉంచి అప్పుడు తీయాలి. గుడ్డతో తుడిస్తే లాభం లేదు, వెంటనే మళ్లీ పడుతుంది. ఫోన్ ఎండలో పెట్టి వీడియో తీస్తే కొన్ని నిమిషాల్లో వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది.

కాళ్లు. ఇసుక మీద చెప్పులు విప్పితే పది అడుగుల్లో అరికాళ్లు కాలతాయి. పిల్లలకు నీళ్లలోకి దిగేదాకా చెప్పులు ఉండాలి. ఎండలో నిలిపిన కారు సీట్ బెల్టు బకిల్ కూడా అంతే.

చలి. ఊళ్లో కాదు, మాల్ లోపల. 22 నుంచి 41కి, మళ్లీ 22కి రోజుకు పదిసార్లు మారితే తడిసిన చొక్కా ఒంటి మీదే చల్లబడుతుంది. బ్యాగులో ఒక పొడి చొక్కా, పలచటి శాలువా ఉంచుకోవాలి. 

నడక. మ్యాప్‌లో 600 మీటర్లు అని చూసి నడిచేద్దాం అనుకోకండి. జులై, ఆగస్టుల్లో 300 మీటర్లు దాటితే చొక్కా మార్చుకోవాల్సిందే. అందుకే ఈ నెలల్లో గదికి బీచ్ దగ్గరా అన్నది కాదు, మెట్రో స్టేషన్‌కు లేదా మాల్‌కు కప్పు కింద దారి ఉందా అన్నది చూడాలి. బుర్జ్ ఖలీఫా స్టేషన్ నుంచి దుబాయ్ మాల్ దాకా 820 మీటర్ల ఏసీ వంతెన ఉంది. ఆ ఊరు తన వాతావరణం గురించి రాసుకున్న నిజాయితీ గల సమీక్ష అదే అనుకోవచ్చు. చాలా బస్టాపులు కూడా అద్దాల ఏసీ గదులే.

బయట తిరిగే రోజు మనిషికి మూడు నాలుగు లీటర్ల నీళ్లు, అందులో ఒక లీటరు ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో అయితే మంచిది. అక్కడి సూపర్ మార్కెట్లలో లబన్ అని అమ్మేది మన మజ్జిగకు చుట్టమే. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మందులు వాడే పెద్దవాళ్లు బయల్దేరే ముందు డాక్టర్‌ను కలవాలి. నీళ్లు రెండు వైపులా పోతే కళ్లు తిరిగి పడతారు.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టం ఉంది. ఉల్లంఘిస్తే కంపెనీకి ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హమ్‌ల జరిమానా, గరిష్ఠంగా 50,000. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్ల నుంచి వెళ్లి భవనాల పనిలో ఉన్నవారికి ఆ రెండున్నర గంటల నీడే ఈ వాతావరణంలో అన్నిటికంటే విలువైన సౌకర్యం. పర్యాటకుడు కూడా ఆ గడియారాన్నే వాడుకోవచ్చు: పని ఆపిన వేళలో మీరూ బయట ఉండకండి.

మార్కులు: వాతావరణానికి 2. లోపలే గడుపుతామనే షరతు మీద, డబ్బు ఆదాకు 7.

దసరా అనుమానం, నవంబరు ఖాయం

ఆగస్టు చివర్లో తెల్లవారుజామున సుహైల్ నక్షత్రం కనిపిస్తే ఎండాకాలం విరిగిందని అరబ్బుల లెక్క. మన కార్తెల్లాంటిదే. అయితే కార్తె మారిన రోజే వాన పడనట్టే, సుహైల్ పొడిచిన రోజే ఊరు చల్లబడదు. సెప్టెంబరు పగటి సగటు 39కి దిగినా నీళ్లు 32 దగ్గరే ఉంటాయి. పగటి వేడి తగ్గి, తేమ తగ్గక, కొన్ని రాత్రులు ఆగస్టు కంటే చికాకుగా ఉంటాయి. "సెప్టెంబరు కదా, సీజన్ మొదలైంది" అని అమ్మే ప్యాకేజీలకు దూరంగా ఉండండి.

అక్టోబరు రెండు ముక్కలు. మొదటి పదిహేను రోజులు వేసవి తోక: పగలు 36, 37. నెలాఖరుకు పగలు 33, రాత్రి 22, 23. అందుకే దసరా ఏ తేదీకి వచ్చిందన్నది పెద్ద తేడా తెస్తుంది. 2026లో విజయదశమి అక్టోబరు 20న. పండగ చేసుకుని మర్నాడు బయల్దేరితే బాగుంటుంది, సెలవులు మొదలైన రోజే బయల్దేరితే ఉక్కలో పడతారు. 2027లో అక్టోబరు 9నే పండగ కాబట్టి ఆ ఏడాది దసరా సెలవులను దుబాయ్ కోసం పాడుచేసుకోకండి.

దీపావళి నవంబరులో వచ్చిన ఏడాది మాత్రం గురి తప్పదు. నవంబరులో పగలు 30, 31, రాత్రి 20, నీళ్లు 28, వాన పేరుకు మాత్రమే. దుమ్ము ఉండదు, పొగమంచు ఇంకా మొదలుకాదు, డిసెంబరు చివరి రద్దీ ఇంకా రాదు. పిల్లలు సముద్రంలో గంటసేపు ఉండొచ్చు, పెద్దవాళ్లు మధ్యాహ్నం కూడా క్రీక్ (ఊరి మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున నడవొచ్చు. దేరా నుంచి బర్ దుబాయ్‌కి ఒక్క దిర్హమ్‌కు దాటించే అబ్రా పడవ మీద సాయంత్రం ఐదింటికి కూర్చుంటే ఆ గాలికి ఎంత మార్కులేసినా తక్కువే. ఏడాదిలో ఒకే నెల చెప్పమంటే నవంబరు 5 నుంచి డిసెంబరు 10 మధ్య. మార్కులు: 9.5. ఆ అర మార్కు తగ్గించింది సూర్యాస్తమయానికి. ఐదున్నరకే చీకటి పడుతుంది, బీచ్ రోజు చిన్నది.

బర్ దుబాయ్ వైపు దిగితే అల్ ఫహీదీ పాత వీధుల్లో ఇళ్ల మీద నాలుగు వైపులా తెరిచిన బురుజులు చూడండి. వాటిని బర్జీల్ అంటారు. ఇరాన్ తీరం నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్న గాలి గోపురాలవి. పైన ఏ వైపు నుంచి గాలి వీచినా పట్టి కింది గదిలోకి దించుతాయి, వేడి గాలి ఇంకో వైపు నుంచి పైకి పోతుంది. వీధులు ఇద్దరు మనుషులు పట్టేంత ఇరుకు, గోడ నీడ ఎదుటి గోడ మీదే పడేలా. అయినా వేసవి ముదిరితే స్తోమత ఉన్నవాళ్లు ఆ ఇళ్లు వదిలి లోపలి ఖర్జూర తోటలకు వెళ్లిపోయేవారు. ఏసీ లేని కాలంలో వీలున్న ఊరివాళ్లే ఆగస్టులో ఊళ్లో ఉండలేదు.

సంక్రాంతి సెలవులు

జనవరి అంటే అందరూ ఎగబడే నెల. పగలు 24, రాత్రి 14. తిరగడానికి ఇంతకంటే మంచి వాతావరణం లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్లాలంటే ఇదే నెల. కానీ రిసార్ట్ అన్న మాట మీద డబ్బు పెట్టినవాళ్లకు నిరాశే: నీళ్లు 23, వేడిచేయని పూల్ అంతకంటే చల్లన.

ఈ నెలలో మూడు సంగతులు కార్యక్రమాన్ని తప్పిస్తాయి. ఒకటి పొగమంచు. గాలి ఆగిన తేమ రాత్రుల్లో తెల్లవారుజామున దిగి ఎనిమిది, తొమ్మిదింటికి విడుతుంది. పొద్దున విమానమైతే ఆలస్యానికి సిద్ధపడాలి. అబుదాబి రోడ్డు మీద పొగమంచు పట్టినప్పుడు బోర్డుల మీద వేగ పరిమితి 80కి తగ్గుతుంది, పాటించకపోతే జరిమానా. ఎడారి బెలూన్ సవారీలూ ఈ మంచుకు రద్దవుతుంటాయి, కనుక వాటిని ఆఖరి రోజుకు పెట్టుకోకండి. రెండోది శీతాకాలపు షమాల్. మేఘాలు వచ్చి పోయాక రెండు మూడు రోజులు చల్లటి వాయవ్య గాలి వీస్తుంది, సముద్రం ఎగిసిపడుతుంది, బీచ్‌లలో ఎర్రజెండా ఎగరేస్తారు. అప్పుడు నీళ్లలో దిగనివ్వరు. ఒకే ఒక బీచ్ రోజు పెట్టుకున్నవాళ్లకు అది పోయినట్టే. మూడోది వాన. ఏడాది వాన దాదాపు అంతా డిసెంబరు నుంచి మార్చి లోపు పడుతుంది.

డెజర్ట్ సఫారీకి ఇదే అసలు కాలం. అయితే ఊళ్లో 14 ఉంటే ఎడారి క్యాంపులో రాత్రికి 10 దాకా దిగొచ్చు. మధ్యాహ్నం మూడింటికి టీషర్టుతో జీపెక్కిన పిల్లలు ఎనిమిదింటికి వణుకుతూ కబాబులు తింటారు. స్వెటర్, సాక్సులు, పెద్దవాళ్లకు మంకీ క్యాప్. నవ్వేవాళ్లు నవ్వనివ్వండి.

మార్కులు: తిరగడానికి 9, సముద్రానికి 5.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా

ఫిబ్రవరి జనవరికి చెల్లెలే. మార్చిలో పగలు 29, రాత్రి 18, నీళ్లు ఇంకా 24 దాటవు. గాలి వేడెక్కినంత తొందరగా నీళ్లు వేడెక్కవు మరి. మార్చి రెండో సగం మంచి బేరం, 8 మార్కులు ఇవ్వొచ్చు. 2027లో రంజాన్ ఫిబ్రవరి రెండో వారం ప్రాంతంలో మొదలై మార్చి మొదటి పదిరోజుల్లో ముగుస్తుంది. ఆ రోజుల్లో వేళలు మారతాయి, పగలు మెల్లగా, రాత్రి సందడిగా నడుస్తుంది ఊరు.

వాన గురించి "గొడవ ఉండదు" అన్న మాటకు 2024 ఏప్రిల్ 16 జవాబు చెప్పింది. ఆ ఒక్క రోజు దుబాయ్ విమానాశ్రయం దగ్గర 140 మిల్లీమీటర్లు దాటి పడింది. ఏడాదిన్నరకు సరిపడే వాన ఇరవై నాలుగు గంటల్లో. 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఆ దేశంలో అంత వాన లేదు. రన్‌వేలు చెరువులయ్యాయి, వందలాది విమానాలు ఆగాయి, మెట్రో కూడా దెబ్బతింది. హైదరాబాద్‌కూ అంత వాన కొత్త కాదు, దుబాయ్ నేల మీద మాత్రం నీళ్లు పోయే దారి తక్కువ. వాన కోసం కట్టిన ఊరు కాదది. గట్టిపడ్డ ఇసుక నేల జోరు వానను అంత తొందరగా పీల్చుకోదు, అండర్‌పాస్‌లు పల్లంలో ఉంటాయి. 20 మిల్లీమీటర్లకే కొన్ని రోడ్లు ఆగిపోతాయి.

అంత వాన మళ్లీ ఎప్పుడో గానీ పడదు. కానీ డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వెళ్లేవాళ్లు రెండు పనులు చేయాలి. విమానం ఆలస్యానికి, రద్దుకు డబ్బిచ్చే ప్రయాణ బీమా తీసుకోవాలి. బీమా కాగితంలో వాతావరణం అన్న మాట ఉందో లేదో చదివి మరీ. నేషనల్ సెంటర్ ఆఫ్ మెటియరాలజీ (ఆ దేశపు వాతావరణ కేంద్రం) యాప్ ఫోన్‌లో పెట్టుకోవాలి. అది నారింజ రంగు హెచ్చరిక చూపిస్తే ఆ రోజు హత్తా కొండల వైపు వెళ్లకండి. అక్కడి ఎండు వాగుల్లోకి ఎక్కడో పడ్డ వాన నీళ్లు ఒక్కసారిగా దూకుతాయి. వాన వేళ వాగుల దగ్గర గుమిగూడినా, వాహనం దింపినా జరిమానాలు గట్టివి.

ఊళ్లో ఎక్కడ దిగాలన్నది కూడా నెలను బట్టే. నవంబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా, మళ్లీ ఏప్రిల్ నుంచి మే మొదటి వారం దాకా జుమేరా, జేబీఆర్ (జుమేరా బీచ్ రెసిడెన్స్) వైపు బీచ్ దగ్గర గదికి ఎక్కువ పెట్టినా దండగ కాదు. మిగతా నెలల్లో ఆ డబ్బు బీచ్‌కు పోస్తే వృథా. కరామా, బర్ దుబాయ్ చుట్టుపక్కల మెట్రోను ఆనుకుని ఉన్న మామూలు హోటల్ నయం, ఇడ్లీ దోసె కూడా నడిచే దూరంలో దొరుకుతాయి. పగటి బీచ్ వీలుకాని మే, అక్టోబరు నెలల్లో జుమేరా, ఉమ్ సుఖేమ్ వైపు లైట్లు, కాపలా సిబ్బంది ఉన్న రాత్రి ఈత బీచ్‌లు ఉన్నాయి. ఎండ బాధ లేకుండా గంట గడపొచ్చు. లైట్లు లేని బీచ్‌లో చీకటిపడ్డాక దిగకండి, అక్కడ కాపలా ఉండదు.

గది బుక్ చేసే ముందు హోటల్‌కు ఒక్క మెయిల్ పెట్టండి. పూల్ నీళ్లను చలికాలంలో వేడిచేస్తారా, ఎండాకాలంలో చల్లబరుస్తారా అని విడివిడిగా అడగండి. ఉష్ణోగ్రతను నియంత్రిస్తామని ఒక్క ముక్కలో జవాబొస్తే ఎన్ని డిగ్రీలని తిరిగి అడగండి. 27 నుంచి 30 మధ్య అంకె చెప్పినవాళ్ల పూల్‌లో ఏ నెలైనా దిగొచ్చు. పెద్ద పూల్‌కు ఆ ఏర్పాటు ఉండి పిల్లల పూల్‌కు లేని హోటళ్లూ ఉంటాయి, అదీ అడగండి. లోతు లేని ఆ నీళ్లే ముందు కాగుతాయి, ముందు చల్లబడతాయి.